గడువు తీరకముందే క్రొత్త ఫోను: పరిగ్రహ పరిమాణ వ్రత విచారము

శ్రావకుని అణువ్రతములైదింటిలో కడపటిదైన పరిగ్రహ పరిమాణము వర్తకుని తలచికొనియే ఏర్పరుపబడినదా అనిపించును. సాధువునకు విధింపబడినది సర్వత్యాగము. గృహస్థునకు విధింపబడినది త్యాగము కాదు, లెక్క. ఇంత భూమి, ఇంత బంగారము, ఇంత ధాన్యము, ఇన్ని పాత్రసామగ్రులు, ఇంతకు మించి వలదు అని తానే గీత గీచికొని గురుసన్నిధిని ఒప్పుకొనుట ఈ వ్రతము. లెక్క వ్రాయుట వర్తకునకు తాతముత్తాతల నాటినుండి వచ్చిన విద్య. చిట్టాలో కాని ఖాతాలో కాని దమ్మిడీ తేడా వచ్చినచో అతనికి రాత్రి నిద్ర పట్టదు. అట్టివాని కలము ఈ యొక్క లెక్కలోనే తడబడుట చిత్రము.

ఉపాసకదశాంగమునందు ఆనంద శ్రావకుని కథ కలదు. వాణిజ్యగ్రామ నివాసియైన ఆ గృహపతికి పండ్రెండు కోట్ల సువర్ణముండెను. అందు నాలుగు కోట్లు నిక్షేపము, నాలుగు కోట్లు వడ్డీవ్యాపారము, నాలుగు కోట్లు ఇంటి సామగ్రి. పదివేలేసి పశువులు గల మందలు నాలుగు. మహావీరస్వామి యెదుట వ్రతము పట్టినపుడు అతడు ఈ సంపదను విడువలేదు. ఇంతకు మించి కూర్చనని మాత్రమే నియమము చేసికొనెను. ఇంతవరకు ఏ ధనికుడైనను చేయగలడు. విశేషము తరువాతి భాగమున నున్నది. పండ్రెండు కోట్లవాడు పండ్లు తోముకొను పుల్లకు సైతము పరిమితి పెట్టుకొనెను, పచ్చి అతిమధురపు పుల్ల తప్ప వేరొకటి వాడనని. ఆభరణములలో చెవులకు పెట్టుకొనునవియు, పేరు చెక్కిన ఉంగరమును మాత్రమే ఉంచుకొనెను. పెద్ద ఆస్తికి హద్దు పెట్టుట సులభము. ప్రతిదినము చేతికి తగులు చిన్న వస్తువునకు హద్దు పెట్టుటయే కష్టము.

ఆ పేరు చెక్కిన ఉంగరము వంటిది నేటి వర్తకుని చేతిఫోను. సరకు రశీదు, బ్యాంకువారి సంకేతసంఖ్య, గిరాకి చెల్లించు సొమ్ము, జి.ఎస్.టి. కాగితము, అన్నియు దానియందే. బళ్ళారిలోని బట్టల కొట్టైనను, బరంపురములోని కిరాణా దుకాణమైనను అది లేక ఒక్క పూట నడచుట కష్టము. కనుక దానిని విలాసవస్తువని త్రోసివేయుట తగదు. పరిగ్రహ భేదములలో అది కుప్యమున చేరును. కుప్యమనగా వెండి బంగారములు కాక ఇంట నుండు పాత్రలు, ఉపకరణములు. మనిషికొక ఫోను చాలునని నియమము చేసికొనుట కష్టము కాదు. ఆ ఒక్కటి ఎంతకాలము అదే ఒక్కటిగా ఉండుననుటలోనే చిక్కంతయు నున్నది.

ఈ చిక్కు అమెరికాలో మిక్కిలి స్పష్టముగా కానవచ్చును. వర్తక కుటుంబముల పిల్లలు చదువులకును ఉద్యోగములకును అక్కడికి పోవుచుండుటచే ఆ పద్ధతి తెలిసికొనదగినది. అక్కడ ఫోను అమ్మువాడు తరచు ఫోను లైను నడుపు సంస్థయే. 2007లో ఐఫోను మొదట వచ్చినపుడు రెండేండ్ల ఒడంబడికపైననే దొరికెడిది. నడుమ విడిచినచో జరిమానా. 2013 మార్చిలో టి-మొబైల్ అను సంస్థ ఆ రెండేండ్ల ఒడంబడికను తీసివేసి, ఫోను వెలను వేరుగా నెలవాయిదాలలో రాబట్టసాగెను. నాలుగు నెలలు నిండకముందే, అదే యేడు జూలైలో, నెలకు 10 డాలర్లు అదనముగా కట్టువారు ఏడాదికి రెండు మార్లు ఫోను మార్చుకొనవచ్చునని ప్రకటించెను. ఆ పథకమునకు పెట్టిన పేరు ‘జంప్’, అనగా గంతు. పేరు పెట్టినవారు మనుష్యస్వభావము నెరిగినవారే.

నేడు అక్కడి పెద్ద సంస్థలు 36 నెలల వాయిదాలు కూడ పెట్టుచున్నవి. ఫోను వెల 900 డాలర్లనుకొన్నచో నెలకు 25 డాలర్లు బిల్లులో చేరును. మరల ఆ 25 డాలర్లే రాయితీ యని తగ్గింపబడును. అందుచే ఫోను ఉచితమని పేరు. ఇరువది నెలలు కట్టిన తరువాత క్రొత్త నమూనాపై మనసు పోయినచో, మిగిలిన 16 నెలల రాయితీ ఆగిపోవును. 400 డాలర్లు ఒక్కసారిగా కట్టవలసి వచ్చును. ఉచితమను మాట వెనుక ఎన్ని నెలల కట్టు ఉన్నదో వర్తకుని కొడుకునకు వేరుగా చెప్పనక్కరలేదు. ఇండియాలో లైను సంస్థకు ఫోనును కట్టివేయు పద్ధతి అంతగా లేదు. ఆ పనిని ఇక్కడ అప్పిచ్చు సంస్థల నెలవాయిదాలు చేయుచున్నవి. వడ్డీ లేని వాయిదా యని బోర్డు కట్టుదురు. సున్న వడ్డీ యనునది లేనేలేదనియు, అది వేరు రూపమున గిరాకి నెత్తినే పడుననియు రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులను హెచ్చరించెను. ఆ సంగతి కనిపెట్టుటకు షావుకారు ఇంట రిజర్వు బ్యాంకు అవసరము లేదు.

గడువు తీరకముందు ఫోను మార్చుట దొంగతనమా? కాదు. మిగిలిన బాకీ చెల్లించి, ఒడంబడికలో వ్రాసికొన్న ప్రకారమే విడిచినచో మూడవ అణువ్రతమునకు భంగము లేదు. 2003లో రిలయన్సు ఇన్ఫోకామ్ సంస్థ 501 రూపాయలు ముందు పుచ్చుకొని, తక్కినది వాయిదాలలో కట్టుడని ఫోనులిచ్చినపుడు చాలమంది కొన్ని నెలలు వాడి వాయిదాలు ఎగవేసిరి. అది వేరు. అది అదత్తాదానము. బాకీ తీర్చి ఫోను మార్చువానిని ఆ పంక్తిని కూర్చుండబెట్టుట న్యాయము కాదు. సంస్థకు అతడు మాట తప్పలేదు. అతడు మాట తప్పినది వేరొకచోట.

ఎక్కడ తప్పెనో హేమచంద్రాచార్యుని యోగశాస్త్రము చూపును. 12వ శతాబ్దమున కుమారపాల మహారాజు కోరికపై రచించిన ఆ గ్రంథమున, ఈ వ్రతమునకు గల అతిచారములు ఐదు వివరింపబడినవి. ఐదును వ్రతము చెడలేదని తనకు తాను నచ్చజెప్పుకొనుచు హద్దు దాటు ఉపాయములే. ఇల్లొక్కటియే యని నియమము గలవాడు ప్రక్క యిల్లు కొని, నడిమి గోడ తీయించి, రెంటిని ఒకటి చేయును, ఇది యోజనము. బంగారము మించినచో గడువు తీరువరకు మరియొకరి చేతికిచ్చి ఉంచును, ఇది దానము. పశువులకు సంఖ్య నియమించుకొన్నవాడు కడుపులోని దూడను లెక్క వేయడు, ఇది గర్భము. ధాన్యము మించునట్లున్నచో సంచకరువు ఇచ్చి అమ్మువాని ఇంటనే నిలిపి, వ్రతకాలము ముగిసిన పిమ్మట తెచ్చుకొందునని కట్టడి చేసికొనును, ఇది బంధనము. మిగిలినది కుప్యమునకు సంబంధించినది, భావము. పది గిన్నెలని నియమము గలవానికి ఇంకను గిన్నెలు లభించును. అతడు వానిని కలిపి పెద్దవిగా చేయించి మరల పదియే చేసికొనును. సంఖ్య చెడలేదు. గిన్నెలు బరువెక్కినవి.

ఎనిమిది వందల యేండ్లకు పైబడిన వెనుక కంచరివాని కొలిమి చేసిన పనినే నేడు ఫోను దుకాణములోని ఎక్స్ఛేంజి బల్ల చేయుచున్నది. పాతది ఇచ్చి క్రొత్తది తెచ్చుకొన్న శ్రావకుడు ఇంటికి వచ్చి “ఒకటే కదా” అనును. ఒకటే. కాని నిరుడు 20,000 రూపాయల ఒకటి, ఈ యేడు 60,000 రూపాయల ఒకటి. ముందటి దానికి మిగిలిన పది వాయిదాలను గల్లాపెట్టె తీర్చినది. క్రొత్తదానికి ఇరువదినాలుగు మొదలైనవి. నమూనా బజారులోనికి రాకముందే సంచకరువు కట్టి పేరు వ్రాయించుకొన్నచో అది బంధనము కూడ. పాతదానిని తమ్ముని పేర ఉంచి, అవసరమైనపుడు తానే వాడుచున్నచో దానము కూడ. ఐదింటిలో మూడు ఒక్క వస్తువునందే కూడినవి. ఫోను విషయమున కుమారుని మందలించు తండ్రి కారు విషయమున ఇదే చేయుచుండవచ్చునని ఇచట జ్ఞాపకము చేయుట అప్రస్తుతము కాదు.

వ్రతమును తెలిసి తెలిసి విడుచుట అనాచారము. వ్రతము నిలిచియే యున్నదని తలచుచు దాని నొక అంచున కొరుకుట అతిచారము. అనాచారమునకు సిగ్గుపడువాడు అతిచారమునకు సిగ్గుపడడు; అందుచేతనే అది ఏండ్ల తరబడి సాగును. సంవత్సరి నాటి ప్రతిక్రమణమున వందిత్తు సూత్రము చదువువారు కుప్యమను మాటను కూడ పలుకుదురు. ఏ కాలపు ఇత్తడి బిందెలో అనుకొని దాటిపోవువారే హెచ్చు. ఆ సమయమున వారి కుప్యము ఇంటివద్ద ఛార్జికి పెట్టబడియుండును. దిగంబర సంప్రదాయమున సమంతభద్రాచార్యుడు రత్నకరండ శ్రావకాచారమునందు ఇదే వ్రతమునకు చెప్పిన అతిచారములలో అతివిస్మయమొకటి. ఇతరుల కలిమి చూచి మనసు మితిమీరి కదలుట అది. నిన్నటివరకు చక్కగా నడచిన ఫోను, ప్రక్క దుకాణమువాని క్రొత్త ఫోను కంటపడిన నిముషమునుండి మందముగా నడుచునట్లు తోచుట ఈ జాతిలోనిదే. ఆచార్య ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున పరిగ్రహమును వస్తువుతో కాక మమకారముతో నిర్వచించుటలోని సూక్ష్మము ఇట్టిచోట తెలియును.

ఇంతవరకు వ్రతధారి తన మనసునకు చేసికొను హాని చెప్పబడినది. ఇతర జీవులకు జరుగునది వేరుగా కలదు. శ్రావకునకు నిషిద్ధమైన పదునైదు కర్మాదానములలో భూమిని త్రవ్వి పగులగొట్టు స్ఫోటకర్మ యొకటి, కొలుములు మండించు అంగారకర్మ యొకటి. జైన వర్తకులు గనులకంటె బట్టలు, నగలు, వడ్డీవ్యాపారముల వైపు మొగ్గుటకు ఈ నిషేధము కూడ ఒక కారణముగా చెప్పబడుచున్నది. అట్టివాని జేబులోని ఫోనులో రాగి, బంగారము, లిథియము, కోబాల్టు కలవు. ప్రపంచపు కోబాల్టులో సగమునకు మించిన భాగము కాంగో దేశపు గనులనుండి వచ్చుచున్నది. తాను త్రవ్వడు, త్రవ్వించు గిరాకియగును. 2022లో ప్రపంచమున పారవేయబడిన విద్యుత్ పరికరముల చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి సంస్థలు లెక్క కట్టినవి. అందు పద్ధతి ప్రకారము సేకరింపబడి మరల వినియోగమునకు వచ్చినట్లు లెక్కకు తేలినది నాలుగవవంతు కూడ లేదు. మిగిలినదానిలో కొంత మురాదాబాదు వంటి చోట్ల బీదవారు రాగికొరకు పలకలు కాల్చుచుండగా పొగయైనది. ఎక్స్ఛేంజిలో ఇచ్చిన ఫోను మరియొకరికి పనికివచ్చునను మాట కొంత నిజమే. క్రొత్తదానికై త్రవ్విన గొయ్యి దానివలన పూడదు.

మరి శ్రావకుడు చేయవలసినదేమి? సమంతభద్రాచార్యుడు భోగోపభోగముల పరిమితిని చెప్పుచు కాలపరిమితి గలదానిని నియమమనియు, జీవితాంతము పట్టుదానిని యమమనియు విభజించెను. ఫోను విషయమున యమము కుదురదు. యంత్రము ఎన్నటికైనను చెడును. నియమము కుదురును. కాని ఆ కాలమును సంస్థవారు నిర్ణయింపరాదు. 24 నెలలు, 36 నెలలు అనునవి అప్పు వసూలగు కాలము. వస్తువు పనిచేయు కాలము కాదు. గడువు తీరినది గనుక క్రొత్తది కొనవచ్చుననుకొనువాడు కూడ సంస్థవారి పంచాంగమునే అనుసరించుచున్నాడు. 2023లో గూగులును, 2024లో శాంసంగును తమ పై తరగతి ఫోనులకు ఏడేండ్లు భద్రతా సవరణలు ఇచ్చెదమని ప్రకటించినవి. బ్యాటరీ కొన్ని వందల మార్లు నింపిన తరువాత బలము తగ్గుట సహజము. దానిని మార్చుటకగు ఖర్చు ఫోను వెలలో చిన్న భాగమే. కావున నియమము ఇట్లు పట్టవచ్చును: ఫోను పగిలి బాగుపడనిదైనపుడు, పోయినపుడు, సవరణలు ఆగి బ్యాంకు పని నడువనపుడు తప్ప మార్చరాదు. పర్యూషణమున ఇంటివారందరు కలిసి పట్టినచో మేలు. ఒక్కడు పట్టి నలుగురు పట్టని ఇంట ఆ ఒక్కని ఫోను అందరి నవ్వులకు గురియగును.

ఇచట నొక శంక కలుగవచ్చును. సంస్థయే పిలిచి, మిగిలిన బాకీ మాఫీ చేసి క్రొత్తది ఇచ్చెదనన్నచో నష్టమేమి? సొమ్ము నష్టము లేకపోవచ్చును. గిన్నెలు కూడ ఊరకనే లభించినవే. దొరకిన విధము మారినంత మాత్రమున భావమను అతిచారము తొలగదు. పైగా మాఫీతోడనే క్రొత్త ఒడంబడిక మొదటి నెలనుండి ప్రారంభమగును.

రెండవ శంక ఫోనుల దుకాణము పెట్టుకొన్న శ్రావకునిది. గిరాకులందరు ఈ నియమము పట్టినచో అతని కుటుంబమేమి కావలెను? అతని జీవనము నిషిద్ధము కాదు. చెడిన ఫోనులు, పోయిన ఫోనులు, క్రొత్తగా ఉద్యోగమునకు చేరు పిల్లలు ఎప్పుడును ఉందురు. అతనిని పట్టునది రెండవ అణువ్రతము. పాత వాయిదాలు మిగిలియున్నవని తెలిసియు ఆ మాట ఎత్తక క్రొత్త కాగితముపై సంతకము చేయించుట, వెలలో కలిపిన వడ్డీని లేదనుట, బ్యాటరీ మార్చినచో సరిపోవు యంత్రమును పనికిరాదనుట అతడు మానవలెను. గిరాకి బల్లముందు నిలిచియుండగా మిగిలిన బాకీ యెంతో ఒక చీటిపై వ్రాసి అతని చేతికిచ్చి, ఆలోచించుకొని రేపు రమ్మనుట అతనికి కష్టమైనను చేయగలిగిన పనియే.