నేను చెరిపేసిన మాట

అమ్మ పోయిన ఏడాదికి రావులపాలెంలో అందరం కలిశాం. సంవత్సరీకం అయింది. భోజనాలు చేసి వెళ్ళేవాళ్ళంతా వెళ్ళిపోయారు. వరండాలో అక్కా, నేనూ, అమెరికా నుంచి వచ్చిన అక్క కొడుకూ, చివరి మూడేళ్ళూ అమ్మని చూసుకున్నావిడా మిగిలాం. వాడు ఫోను నా ముందు పెట్టి "పిన్నీ, అమ్మమ్మతో మాట్లాడతావా?" అన్నాడు.

ఐదేళ్ళుగా అమ్మ మా ఇద్దరికీ వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజీలు వాడు అడిగి తీసుకుంటే, జ్ఞాపకంగా దాచుకుంటాడనుకున్నాం. వాటిని కృత్రిమ మేధకి ఇచ్చి అమ్మ గొంతునీ, మాట తీరునీ తయారుచేయించాడట. మనం అడిగితే అది జవాబు చెబుతుంది.

వద్దనలేకపోయాను. "అమ్మా" అన్నాను. "తిన్నావా? ఏం కూర?" అంది. అదే గొంతు. మాట చివర కొంచెం సాగదీసే అదే యాస. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏం తోచిందో, "అమ్మా, ఒంట్లో బాగోలేదే. హైదరాబాదు ఒకసారి రావూ?" అనడిగాను.

"వచ్చేస్తానమ్మా. నీకంటే నాకేం పనుంది?" అంది ఫోను.

గుమ్మంలో కూర్చుని వింటున్నావిడ అప్పుడు నోరు విప్పింది. "అమ్మగారు ఇలా అనరండీ. ఒక్కసారన్నా విసుక్కోదేంటండీ ఇది?"

ఆవిడ మామూలుగా అన్న ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

సైన్స్ ఫిక్షన్ చదవడం నాకు చిన్నప్పటి అలవాటు. చావు లేకపోతే మనిషి మనిషిగానే ఉంటాడా, యంత్రానికి ఆలోచన వస్తే అది మనిషవుతుందా, అసలు మనిషంటే ఏమిటి అనేవి ఆ కథలు తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలు. గొప్ప ప్రశ్నలే. కాని ఆవిడ మాట విన్నాక ఆ కథలన్నీ మళ్ళీ గుర్తు చేసుకుంటే, ఇంకో ప్రశ్న అడక్కుండా వదిలేశానని తెలిసింది. ఆ చావులేనితనం ఎవరి ఒంట్లోంచి వస్తోంది? ఆ యంత్రం చేసే పని అంతకుముందు ఎవరు చేసేవాళ్ళు?

ఈ కథలకి మొదలుగా చాలామంది చెప్పే 'ఫ్రాంకెన్‌స్టైన్' రాసింది ఒక ఆడమనిషి. మేరీ షెల్లీ పుట్టిన కొద్ది రోజులకే, 1797లో, ఆమె తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ బాలింతగా చనిపోయింది. స్త్రీల హక్కుల గురించి 1792లోనే పుస్తకం రాసిన మనిషి ఆమె. మేరీ షెల్లీ తన మొదటి బిడ్డని 1815లో పోగొట్టుకుంది. చల్లబడిన బిడ్డని నిప్పు దగ్గర రుద్దితే మళ్ళీ బతికినట్టు కల వచ్చిందని డైరీలో రాసుకుంది. మూడేళ్ళకి, 1818లో, ఆ నవల వచ్చింది. దాన్ని సైన్సు హద్దు మీరిన కథగా చెప్పుకుంటాం కాని నాకది ప్రాణం పోసి, దాన్ని చూసుకోవాల్సి వచ్చేసరికి పారిపోయిన తండ్రి కథ. సృష్టించడం గొప్ప పని, సాకడం మాత్రం ఎవరో చేయాల్సిన పని అనుకున్నవాడి కథ.

ఆ 'ఎవరో' అన్న చోటే రోబో పుట్టింది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన 'ఆర్.యు.ఆర్.' నాటకంతో ఆ మాట ప్రపంచానికి తెలిసింది. చెక్ భాషలో 'రొబోత' అంటే వెట్టిచాకిరీ. మనకి ఆ అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. జీతం అడగని, నిద్రపోని, ఎదురు చెప్పని పనిమనిషి కావాలన్న కోరికకి యంత్రం రూపం తొడిగిన మాట అది.

అదే చాపెక్ 1922లో 'మాక్రోపులోస్ వ్యవహారం' అని ఇంకో నాటకం రాశాడు. చక్రవర్తి రుడాల్ఫ్ ఆయుష్షు పెంచే మందు చెయ్యమంటాడు. ఆస్థాన వైద్యుడు చేస్తాడు. మంచిదో విషమో తెలియాలి కదా, ముందు తన పదహారేళ్ళ కూతురికి పట్టిస్తాడు. కూతురి ఇష్టంతో పని లేదు. ఆ పిల్ల మూడువందల ముప్ఫై ఏడేళ్ళు బతుకుతుంది. పేర్లు మార్చుకుంటూ, గొప్ప గాయనిగా, దేని మీదా మనసు లేని మనిషిగా మిగులుతుంది. చివరికి ఆ మందు రాసిన కాగితాన్ని ఇంకో చిన్న వయసు అమ్మాయి దీపానికి అంటించి కాల్చేస్తుంది. రాజుకి అమరత్వం కావాలి, దాన్ని పరీక్షించడానికి ఆడపిల్ల ఒళ్ళు కావాలి.

మన తెలుగులోనూ ఇదే కథ కొత్త హంగులతో వచ్చింది. 2024 జూన్‌లో విడుదలైన నాగ్ అశ్విన్ సినిమా 'కల్కి 2898 ఏ.డి.'లో సుప్రీమ్ యాస్కిన్ అనేవాడికి ఆయుష్షు పొడిగించుకోవాలి. అందుకోసం గర్భం దాల్చగల ఆడవాళ్ళని కాంప్లెక్స్‌లోకి పట్టుకెళ్ళి, వాళ్ళ కడుపులోంచి సీరం తీస్తారు. అక్కడి ఆడవాళ్ళకి పేర్లుండవు, నంబర్లుంటాయి. సమ్-80 అనే ఆమె బయటపడ్డాకే సుమతి అవుతుంది. ఆమెకి కాపలాగా నిలబడేవాడు అశ్వత్థామ. భారతంలో అతను ఉత్తర గర్భం మీదకి అస్త్రం వదిలినందుకు కదా, మానని గాయాలతో తిరుగుతూ బతకమని కృష్ణుడు శపించింది. చావు లేకపోవడం వరం కాదని మన పురాణానికి ఎప్పుడో తెలుసు. గర్భం మీద చెయ్యి వేసినవాడికి విధించిన శిక్ష అది.

సినిమా ఇంతవరకూ సూటిగానే చెప్పింది. కాని నన్ను ఒకటి బాధించింది. యాస్కిన్‌కి సుమతి కడుపు కావాలి. ఆమెని కాపాడేవాళ్ళకీ ఆమె కడుపే కావాలి, దేవుడు పుట్టబోతున్నాడు కాబట్టి. ఆమెకి ఏం కావాలో అడిగే తీరిక ఇద్దరికీ లేదు. అందులోనే హీరో బండిలో బుజ్జి అని ఒక కృత్రిమ మేధ ఉంది. దానికి కీర్తి సురేష్ గొంతు. చమత్కారంగా మాట్లాడుతుంది, వాదిస్తుంది, హీరోని ఎగతాళి చేస్తుంది. ఎన్ని అన్నా చివరికి అతను వెళ్ళే చోటికే వెళ్తుంది. మన ఫోన్లలో, ఇళ్ళలో పలికే సహాయకులకి ఎక్కువగా ఆడగొంతే పెట్టడం గురించి, అది ఆడవాళ్ళంటే అణిగి ఉండేవాళ్ళన్న భావాన్ని బలపరచడం గురించి 2019లో యునెస్కో ఒక నివేదికే వేసింది.

ఇక 2010లో తమిళం నుంచి వచ్చిన శంకర్ 'రోబో'లో యంత్రానికి మనసు వచ్చిందనడానికి గుర్తేమిటి? చిట్టి సనని ప్రేమించడం. సన వద్దంటుంది. ఆ వద్దు దానికి వినపడదు, ఎత్తుకుపోతుంది. ప్రేమించడం నేర్పగలిగారు గాని, కాదంటే వినడం నేర్పలేదు. మన మగపిల్లలకి నేర్పామా అని అనుమానం వచ్చింది నాకు.

ఇవన్నీ కథలే అనుకుందామంటే, నిజంగా చావులేకుండా బతుకుతున్నవి ఒకామె ఒంట్లోని కణాలు. హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ, ఐదుగురు పిల్లల తల్లి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రికి వెళ్ళింది. ఆమెని అడక్కుండానే ఆ కణాలు తీశారు. అవి ప్రయోగశాలలో ఆగకుండా పెరుగుతూనే ఉన్నాయి. పోలియో టీకా పరీక్షల దగ్గర్నుంచి ఎన్నో పరిశోధనలకి అవి ఆధారమయ్యాయి. ఆమె మాత్రం అదే ఏడాది 31 ఏళ్ళకే చనిపోయింది. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి ఇరవై ఏళ్ళ పైచిలుకు తెలియలేదు. ఆ కణాలతో వ్యాపారం చేసిన ఒక కంపెనీతో కుటుంబం రాజీ కుదుర్చుకునేసరికి 2023 వచ్చింది.

ఇక్కడిదాకా ఆలోచించి, పరాయివాళ్ళ తప్పులు లెక్కపెట్టినంత తేలిగ్గా నా తప్పు నాకు కనపడలేదని ఒప్పుకోవాలి. అమ్మ గొంతు తీసుకుంటామని మేం అమ్మని అడిగామా? లేదు. అంతకంటే పెద్దది ఇంకొకటుంది.

అమ్మ పోవడానికి నాలుగేళ్ళ ముందు హైదరాబాదులో నాకు ఆపరేషన్ అయింది. రమ్మని అమ్మని అడిగాను. ఫోను చేస్తే ఎత్తలేదు. సాయంత్రానికి ఒక మెసేజి వచ్చింది. "రాలేనే. అలిసిపోయాను. ఎవర్నన్నా పెట్టుకో." అంతే. అప్పటికి అమ్మకి డెబ్భై ఐదేళ్ళు. నా ఇద్దరు పిల్లల పురుళ్ళూ, అక్కవీ, నాన్న మంచాన పడ్డ ఆరేళ్ళూ, అంతకుముందు అత్తగారి పక్షవాతం, అన్నీ ఆ చేతుల మీదే గడిచాయి. అవేవీ నాకు గుర్తు రాలేదు. కూతురికి ఆపరేషనైతే రాని తల్లి ఉంటుందా అని ఏడ్చాను. కోపంతో ఆ మెసేజి చెరిపేశాను. చాలా నెలలు ముభావంగా మాట్లాడాను. స్త్రీవాదం గురించి నాలుగు సభల్లో మాట్లాడిన మనిషిని.

మేనల్లుడు లాంటి వాడు, అక్క కొడుకు, అడిగినప్పుడు నేనిచ్చినవి నేను దాచుకున్న మెసేజీలు. తిన్నావా, మందులేసుకున్నావా, మామిడికాయ ముక్కలు ఎండబెట్టాను పంపనా. యంత్రం వాటిలోంచే అమ్మని కట్టింది. అది అబద్ధం చెప్పలేదు. నాకు కావలసిన అమ్మని నాకు అప్పగించింది. యంత్రం రాకముందే అమ్మని అలా తయారుచేసుకున్నది నేనే.

మా వైపు తల్లిని అరటిచెట్టుతో పోలుస్తారు. ఆకు, పువ్వు, కాయ, దూట, ఏదీ వృథా పోదంటారు. రావులపాలెం అరటి మార్కెట్ యార్డులో గెలలు చూస్తూ పెరిగినదాన్ని, ఆ పోలికలో మిగతా సగం నాకు తెలియాలి. గెల ఒక్కసారే. గెల కోశాక చెట్టుని కొట్టేస్తారు. పక్కన పిలక లేస్తుంది. విత్తనం లేకుండా పిలక నుంచి పిలకగా అదే మొక్క తరాల తరబడి సాగుతుంది, చావే లేనట్టు. కాని అన్నీ ఒకే అచ్చు కాబట్టి తెగులొస్తే ఒక్కటీ తట్టుకోలేదు. పనామా తెగులుకి త్వరగా లొంగిపోయే రకాల్లో మన అమృతపాణి ఒకటి. పేరులో అమృతం ఉంది. అమ్మని అరటిచెట్టని పొగిడినవాళ్ళెవరూ ఆ చెట్టుకి కొట్టేసే ముందు ఏమనిపిస్తుందో ఆలోచించలేదు.

1946లో సిమోన్ ద బువా 'మనుషులందరూ మరణించేవారే' అనే నవల రాసింది. అందులో ఫోస్కాకి చావు లేదు. అతను ధైర్యం చూపించినా అది ధైర్యం కాదు, పోగొట్టుకునేది లేదు కాబట్టి. ప్రేమించినా ఆమెకిచ్చే రోజు అతనికి లెక్కలేనన్ని రోజుల్లో ఒకటి. ఆ నవల ఇప్పుడు నాకు వేరేగా అర్థమవుతోంది. అమ్మ నా పురిటికి వచ్చి మూడు నెలలుంటే, అవి తిరిగిరాని మూడు నెలలు. తన బతుకులోంచి కోసి ఇచ్చినవి. ఫోనులో గొంతు 'వచ్చేస్తాను' అనడానికి దానికేమీ ఖర్చు లేదు. దానికి రోజులు తరగవు, నడుము నొప్పెట్టదు. 'రాలేను' అనగలిగిన మనిషి 'వస్తాను' అంటేనే ఆ మాటకి విలువ. తెలివితేటల్లో యంత్రం మనల్ని దాటిపోవచ్చు. అలసిపోవడం, చాలనడం, మిగిలిన కొద్ది రోజులూ నావి అనడం మాత్రం చావున్నవాళ్ళకే చెల్లుతుంది. మనిషి అన్న మాటకి నేను వెతుక్కున్న అర్థం అమ్మ ఆ మూడు చిన్న వాక్యాల్లో చెప్పింది. నేను చెరిపేశాను.

అక్కతో ఇదంతా అన్నాను. "నువ్వు హైదరాబాదులో ఉంటావు. ఇక్కడ రాత్రయితే ఇల్లంతా నిశ్శబ్దం. నాకది అమ్మ కాదని తెలుసు. అయినా వింటాను" అంది. నాకు జవాబు లేదు. పోయినవాళ్ళ ఫొటోకి దండ వేసి మాట్లాడేవాళ్ళని తప్పుపడతామా? అక్క వినడం తప్పని నేననలేను. ఆ గొంతుని అలా అలవాటు చేసుకున్న పిల్లలు రేపు ఇంట్లో ఆడవాళ్ళు విసుక్కుంటే ఓర్చుకుంటారా అన్నదే నా భయం.

గుమ్మంలో కూర్చున్నావిడ సంగతీ చెప్పాలి. కోనసీమ నుంచి ఎందరో వెళ్ళినట్టే ఆవిడా కువైట్ వెళ్ళి ఎనిమిదేళ్ళు ఇళ్ళల్లో పని చేసి వచ్చింది. తన పిల్లలు పెరుగుతుంటే ఫోనులో విన్నది. తర్వాత మూడేళ్ళు అమ్మ పక్కన రాత్రుళ్ళు మేలుకుంది. అమ్మ విసుగు, తిట్లు, నవ్వు మాకంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. అందుకే ఆ గొంతులో ఏం లేదో ఆవిడే పట్టుకుంది. ఆవిడ గొంతుని ఎవరూ దాచలేదు. ఒకసారి రెండు రోజులు సెలవడిగితే "ఇప్పుడెలాగండీ?" అన్నది నేనే.

ఆ సాయంత్రం గిన్నెలన్నీ సర్దాక ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "రేపు రానండీ. ఒళ్ళు నొప్పులుగా ఉంది" అంది.

అలవాటుగా నోటిదాకా వచ్చిన మాట మింగి, "అలాగేనండీ, పడుకోండి" అన్నాను.