పెళ్ళిలో ఎవరు ఎవరికి మాట ఇస్తున్నారు?

బెజవాడ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా పిల్లలు రిజిస్టర్ పెళ్ళి చేసుకుంటామంటే పెద్దవాళ్ళ అభ్యంతరం పరువు దగ్గరో బంధువుల దగ్గరో ఆగిపోదు. అగ్నిసాక్షి లేకుండా, ముహూర్తం లేకుండా, ఆఫీసులో నాలుగు సంతకాలు పెట్టినంత మాత్రాన ఇద్దరు మనుషులు జన్మంతా కట్టుబడి ఉంటారని ఎలా నమ్మడం? దేవుణ్ణి పిలవని ప్రమాణానికి బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? చాదస్తమని కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదిది. అడిగేవాళ్ళు పెళ్ళిని అంత గొప్పదిగా చూస్తున్నారు కాబట్టే అడుగుతున్నారు. నేనూ పెళ్ళిని అలాగే చూస్తాను. అయితే దాన్ని నిలబెట్టేవి రెండే అంటాను: ఇద్దరూ అర్థం తెలిసి పలికిన మాట, ఆ మాట విని రేపు నిలదీయగల మనుషులు. ఇవి ఉన్న పెళ్ళి దేవుడి పేరు ఎత్తకపోయినా పవిత్రమే. ఇవి లేని పెళ్ళికి ఎన్ని మంత్రాలు చదివినా ఆ లోటు తీరదు.

ఈ వాదానికి కావలసిన గట్టి ఆధారం మన ఊళ్ళోనే ఉంది. గోరా అని అందరూ పిలిచే గోపరాజు రామచంద్రరావు నాస్తికత్వం కారణంగా 1933లో కాకినాడలో, 1939లో మచిలీపట్నంలో కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1940లో భార్య సరస్వతితో కలిసి ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడ పటమటకు వచ్చింది. వాళ్ళ పెద్దమ్మాయి మనోరమకు దళిత కుటుంబంలో పుట్టిన అర్జునరావుతో పెళ్ళి నిశ్చయమైంది. హరిజనులకూ సవర్ణులకూ మధ్య జరిగే పెళ్ళిళ్ళకే వెళ్తానని అప్పటికే నియమం పెట్టుకున్న గాంధీ, ఈ పెళ్ళి సేవాగ్రామ్‌లో జరిపించడానికి ఒప్పుకున్నారు. ఆశ్రమ పద్ధతిలో ప్రమాణం దేవుడి పేరు మీద ఉండేది. గోరా కుటుంబం కోసం దాని స్థానంలో సత్యాన్ని పెట్టడానికి ఆయన అంగీకరించారు. 1948 జనవరిలో ఆయన హత్య జరిగింది. మార్చిలో అదే సేవాగ్రామ్‌లో, సత్యం పేరు మీదనే ఆ పెళ్ళి జరిగింది.

గాంధీ మొహమాటానికి ఒప్పుకున్నారని ఎవరైనా అనవచ్చు. వ్రతాల విషయంలో ఆయనకు మొహమాటం ఉండేది కాదు. దేవుడే సత్యం అనడం మాని సత్యమే దేవుడు అనడం మొదలుపెట్టి అప్పటికే ఎన్నో ఏళ్ళయింది. దేవుణ్ణి నమ్మని మనిషి చేత దేవుడి పేరున ప్రమాణం చేయిస్తే, కాపురం మొదటిరోజే అబద్ధంతో మొదలవుతుంది. ఆస్తికుడికి కూడా అది దైవాపచారమే. ఆయన ఒప్పుకోవడంలో నాకు కనిపించే తర్కం ఇది. ప్రమాణం ముందుగా పలికేవాడి నమ్మకానికి సరిపోవాలి. ఏ పేరు మీద చేశాడన్నది ఆ తర్వాతి మాట.

నమ్మకం కంటే ముందు ఇంకోటి ఉంది, అర్థం. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులో 'వివాహ విధి' రాసింది ఇందుకే. వధూవరులకు తెలిసే భాషలో, పురోహిత కులం అవసరం లేకుండా ఆయన స్వయంగా పెళ్ళిళ్ళు జరిపించారు. మంత్రానికి శబ్దమే బలం, అర్థంతో పనిలేదు అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ వైదిక సంప్రదాయమే ఈ విషయంలో ఒక్కమాట మీద లేదు. మంత్రాలకు అర్థం లేదన్న కౌత్సుడి వాదాన్ని నిరుక్తంలో యాస్కుడు ఖండించాడు. అర్థం తెలియకుండా వేదం వల్లించేవాడు బరువు మోస్తున్నాడే తప్ప పొందేదేమీ లేదన్నది ఆ గ్రంథం చెప్పే మాటే. అర్థం తెలుసుకుంటే మన పెళ్ళి తంతులో కొన్ని ప్రశ్నలు తప్పవు. ధర్మార్థకామాల్లో ఈమెను అతిక్రమించకూడదని కన్యాదాత అడిగితే, నాతిచరామి అని వరుడు బదులిస్తాడు. చాలా గొప్ప మాట. కానీ అడిగింది తండ్రి, చెప్పింది అల్లుడు. ఎవరి జీవితం గురించి ఆ మాటో ఆ అమ్మాయి పక్కనే ఉండి వింటుంది, అదీ సంస్కృతంలో. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో 12వ సెక్షన్ చూడండి. వివాహాధికారి, ముగ్గురు సాక్షుల ఎదుట, తమకు అర్థమయ్యే భాషలో వధూవరులు నిన్ను భార్యగా, నిన్ను భర్తగా స్వీకరిస్తున్నానని ఒకరికొకరు చెప్పుకునే వరకు ఆ పెళ్ళి పూర్తయినట్టు కాదు. ఇద్దరికీ ఒకే వాక్యం. త్రిపురనేని కోరిన ప్రధానమైన షరతును దేశమంతటికీ వర్తించే చట్టం ఇలా రాసిపెట్టింది. ఈ సెక్షన్ నాకు ఏ మంత్రానికీ తీసిపోనిదిగా కనిపిస్తుంది.

మా అమ్మమ్మకు ఒక్క మంత్రం అర్థం కాలేదు, అరవై ఏళ్ళు కాపురం చేయలేదా అని అడుగుతారు. చేసింది. ఆ ఓర్పు ఆమెది. వదిలి వెళ్ళడానికి ఆమెకు చోటు కూడా లేదన్నది మరిచిపోకూడదు. అయితే ఈ అభ్యంతరంలో ఒక న్యాయం ఉంది. ఐరేని కుండలు తెచ్చిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా ప్రతి అంకం జరుగుతున్నది చిన్న విషయం కాదని అందరికీ తెలియజేస్తుంది. ఆఫీసులో పది నిమిషాల్లో ముగిసి, దండలు మార్చుకుని, ఫోటో దిగి బయటికొచ్చే పెళ్ళిలో ఆ బరువు ఉండదు. కాగితం పెళ్ళి చేయదు. 2024 ఏప్రిల్‌లో జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం కూడా ఇదే అంది: హిందూ వివాహ చట్టం కింద చేసుకునేవాళ్ళు తంతు జరపకుండా సర్టిఫికెట్ తెచ్చుకుంటే అది పెళ్ళి కాదు, పెళ్ళంటే ఆటపాటా విందూ కాదు. తంతు విషయంలో ఆ తీర్పుతో కొందరు విభేదించవచ్చు, పెళ్ళికి అది ఇచ్చిన గౌరవం మాత్రం సివిల్ పెళ్ళికీ కావాలి. సభ పెట్టి దండలు మార్చుకునే మన ఆదర్శ వివాహాలకు ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. తమిళనాడు 1967లో 7ఎ సెక్షన్ చేర్చి అలాంటి పెళ్ళిళ్ళకు హిందూ వివాహ చట్టంలోనే చోటిచ్చింది. ఆంధ్రలో ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ చేసుకునేవాళ్ళు ప్రత్యేక వివాహ చట్టం కిందికి రావడం క్షేమం.

ఆ చట్టం కిందికి రావాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అధికారి దాన్ని అందరికీ కనిపించేలా అంటిస్తాడు. సాక్షి కావాలని వాదించే నేను ఈ నోటీసును సమర్థించలేను. సాక్షిని వధూవరులు ఎంచుకుంటారు. నోటీసు బోర్డు చూసేవాడు ఎవరో వాళ్ళకు తెలియదు. కులం దాటి పెళ్ళాడే జంటకు ఆ ముప్పై రోజులు ప్రాణసంకటమే. గుడిలోనో చర్చిలోనో పెళ్ళాడేవాళ్ళను ఏ చట్టమూ ఇలా నెలరోజులు బహిరంగంగా నిలబెట్టదు. ఇలా ప్రచురించడం జంట కోరితేనే జరగాలని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు తీర్పిచ్చింది. అదే న్యాయం మనకూ కావాలి.

ఇక ఆ చట్టం ఇచ్చిన స్వేచ్ఛను వాడుకుంటున్నది కొద్దిమందే. 12వ సెక్షన్ చెప్పిన ఆ వాక్యం పలికితే చాలు, తక్కిన పద్ధతి ఎలాగైనా ఉండవచ్చు. అదనపు రుసుము కడితే అధికారి తగిన దూరంలో ఉన్న హాలుకే వస్తాడు. జీలకర్ర బెల్లం కావాలనుకుంటే పెట్టుకోవచ్చు. సంపాదన, వంటిల్లు, ఇరువైపుల తల్లిదండ్రుల బాధ్యత, కట్నం తీసుకోలేదన్న మాట తెలుగులో రాసుకుని ఇద్దరూ చదవవచ్చు. ముగ్గురు సాక్షుల్లో ఒకరైనా, రేపు ఆ అమ్మాయికి కష్టం వస్తే అర్ధరాత్రయినా తలుపు తీసేవాళ్ళు కావాలి. మండపంలో పెళ్ళి చేసుకునేవాళ్ళకూ ఇందులో అడ్డమేమీ లేదు. నాతిచరామి అర్థాన్ని తెలుగులో చెప్పించి, ఆ మాట వధువు వైపు తిరిగి చెప్పమని వరుణ్ణి, తిరిగి అదే మాట చెప్పమని వధువుని పురోహితుడు అడిగితే ఏ దేవుడు కాదంటాడు?