స్లాబ్ పడకముందే లైట్ల సంగతి చూసుకో

బిడ్డా, అల్వాల్‌లో మీ ఇంటికి సెంట్రింగ్ కొడుతున్నారని విని చాలా సంతోషించాను. స్లాబ్ పోసేలోగా ఒక పూట హాలు లైట్ల కోసం తీరిక చేసుకో. రంగులు నచ్చకపోతే మళ్లీ వేయించుకోవచ్చు. కాంక్రీటులో పైపు ఒకసారి పడిందంటే మాత్రం తర్వాత కప్పు చెక్కాల్సిందే. ఫాల్స్ సీలింగ్ చేయించినా దానికి కరెంటు వచ్చేది ఆ పైపుల్లోంచే.

ఎలక్ట్రీషియన్‌కు వదిలేస్తే సీలింగంతా వరుసలుగా సమానంగా గుర్తులు పెట్టేస్తాడు. మనుషులు వరుసల్లో కూర్చోరు కదా! ముందు సోఫా ఎక్కడ, టీవీ ఏ గోడకు, మీ అత్తగారు పేపరు చదువుకునే కుర్చీ ఏ మూల, అది గీసుకో. నడినెత్తిన పడే లైటు కళ్ల కింద నీడలు తెస్తుంది. టీవీకి ఎదురుగా ఉన్నది తెర మీద మెరుస్తుంది. గోడకు రెండు రెండున్నర అడుగుల దూరంలో పెట్టిస్తే వెలుగు గోడ మీదికి పారి, గది విశాలంగా కనిపిస్తుంది.

మన ఇళ్లలో అందరూ మరిచిపోయేది ఫ్యాను. 48 అంగుళాల ఫ్యానుకు మధ్య నుంచి రెక్క కొస దాకా రెండు అడుగులు. ఆ రెక్కల పైన లైటు పడిందా, తిరిగినంతసేపూ గదంతా నీడలు కదులుతూ తల నొప్పి పుట్టిస్తాయి. అందుకే ఫ్యాను మధ్య నుంచి కనీసం మూడడుగులు వదిలించు. మారేడ్‌పల్లి పాత ఇళ్లలో ఎత్తైన కప్పుల కింద ఈ చిక్కు అంతగా తెలిసేది కాదు. నీది పదడుగుల స్లాబు. ఫాల్స్ సీలింగ్ అరడుగు తినేస్తుంది.

పన్నెండు బై పదిహేను అడుగుల హాలుకు ఏడు వాట్ల లైట్లు ఆరో ఎనిమిదో చాలు. అన్నీ ఒకే స్విచ్చుకు ఇవ్వనీయకు. గోడ వైపువి ఒకటి, మధ్యవి ఒకటి, చదువుకునే మూలది ఒకటి. అరవై దాటిన కంటి లోపలికి, ఇరవై ఏళ్ల కంటికి అందే వెలుతురులో సుమారు మూడో వంతే చేరుతుందంటారు. అదీగాక కళ్లలో కొట్టే వెలుగు పెద్దవాళ్లకు మరీ ఇబ్బంది. అందుకే ఆ కుర్చీ పక్కన స్టాండు లైటుకు ఒక ప్లగ్ పాయింటు కూడా పెట్టించు.

రాణిగంజ్‌కు కొనడానికి వెళ్లేటప్పుడు నీ ఎర్ర పోచంపల్లి చీర ఒకటి సంచీలో వేసుకెళ్లు. లైటు కింద పట్టి చూడు. ఎరుపు మట్టి రంగులోకి తిరిగితే ఆ లైటు వద్దు. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె సీఆర్ఐ, అది 90 ఉన్నది అడుగు. హాలుకు 3000 కెల్విన్ పసుపు వెలుగు హాయిగా ఉంటుంది. 6500ది దుకాణంలో తళతళలాడుతుంది, ఇంట్లో మాత్రం ఆఫీసులో కూర్చున్నట్టుంటుంది. ఎల్ఈడీల్లో ఎక్కువగా పోయేది లైటుకు తగ్గ కరెంటు అందించే డ్రైవరే, అదీ వేడికి. అందుకే లైటు పైన గాలి ఆడే జాగా ఉంచమని చెప్పు. అదే మోడల్‌వి రెండు అదనంగా కొనిపెట్టుకో, తర్వాత అదే సైజు రంధ్రానికి సరిపోయేది దొరక్కపోవచ్చు.

స్లాబ్ ముందు రోజు నువ్వే పైకెక్కి, టేపుతో కొలిచి లైట్లకు పెట్టిన ప్రతి బాక్సూ సరిచూసుకో. పైపులన్నీ కనిపించేలా ఫొటోలు తీసి దాచుకో. మేస్త్రి తొందరపెట్టినా, అది అయ్యాకే కాంక్రీటు పోయనివ్వు.