పిల్లలకు దారి చూపే వెలుగు



వీలైతే వేసవికి ముందు ఒక ఉదయం మీ పిల్లలతో బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి వెళ్లండి. సరుగుడు తోపు దాటి ఇసుక దిబ్బల వెంట నడవండి. బొరియల్లోకి పరుగెత్తే పీతలను చూపించండి. తాబేలు పాకిన జాడ కనబడితే ఆగండి.

ఆలివ్ రిడ్లీ తాబేలు రాత్రివేళ వచ్చి, ఇసుకలో సుమారు 100 గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. 45 నుండి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. తల్లి ఉండదు. సముద్రం మీది వెలుతురే వాటికి దారి. ఒడ్డున దీపాలుంటే అటే పాకి నశిస్తాయి.

మన పిల్లలకు మనం దగ్గరే ఉన్నాం. అయితే జపమాల వేళ మన ఇంట్లో వెలిగేది టీవీయా, ఫోనా? వాటిని ఆర్పి ఈ రాత్రి పిల్లలతో కలిసి మోకరించండి. లోకానికి వెలుగైన క్రీస్తు ప్రభువు వైపు వారే నడుస్తారు. ఆమెన్.