ఏడడుగులు – 42 కిలోమీటర్లు
(శ్రీరామనవమి నాటి ధర్మోపన్యాసము)



శ్రీ సీతారామ కళ్యాణమును కన్నులార గాంచి, పానకమును వడపప్పును ప్రసాదముగ స్వీకరించి కూర్చున్న మీ యెదుట నేడు నేను ఎన్నుకొన్న విషయము కొందఱికి వింతగ తోచవచ్చును. భార్యాభర్తలు కలసి తమ మొదటి మారథాన్ పరుగు పరుగెత్తుటను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. మన యిండ్లలోని దంపతులు కొందఱు తెల్లవారక మునుపే లేచి, బూట్లు తొడుగుకొని, డర్బన్ వీధులలోను చెఱకు తోటల ప్రక్కనున్న మిట్టదారులలోను పరుగెత్తుచున్నారు. అది చూచి పెద్దవారు, "పూజావేళ వీధిలో పరుగులేమి? ఇల్లాలికి ఈ పందెములేల?" అని అడుగుచున్నారు. అడుగవలసిన ప్రశ్నయే. దీనికి ధర్మము ఏమి చెప్పుచున్నదో విచారింతము.

మొదట ఈ పరుగు ఎట్టిదో తెలిసికొనవలెను. మారథాన్ అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్ల దూరము. మన నటాల్‌లో ఈ దూరమును సాధించువారిలో పెక్కుమంది చూపు దీనికి రెట్టింపు మించిన కామ్రేడ్స్ పరుగుమీద నుండును. డర్బన్, పీటర్‌మారిట్స్‌బర్గ్ నగరముల నడుమ జరుగు ఆ పరుగున చేరగోరువారు ముందుగ ఒక మారథాన్‌ను నియమిత కాలములో ముగించి చూపవలెను. మొదటి ప్రపంచ యుద్ధమున మడిసిన తన తోటి సైనికుల స్మృతికై విక్ క్లాఫం అను ఆయన దీనిని 1921 మే 24వ తేదీన ఆరంభించెను. నాడు 34 మంది బయలుదేరగా 16 మంది మాత్రమే గమ్యము చేరిరి. కామ్రేడ్ అను మాటకు మన భాషలో సహచరుడని అర్థము. ఈ మాటను మీరు మనసునందుంచుకొనుడు. దీనితో మనకు పనియున్నది.

సహచరుల పేర వెలసిన ఆ పరుగులో చిరకాలము అందఱికిని చోటు లేకపోయెను. 1923లో ఫ్రాన్సెస్ హేవార్డ్ అను మహిళయు, 1935లో రాబర్ట్ మ్చాలి అను ఆఫ్రికనుడును ఆ దూరమును పూర్తిచేసినను వారి పేరులు అధికార ఫలితములలోనికి ఎక్కలేదు. స్త్రీలకును, తెల్లవారు కానివారికిని అధికారికముగ ద్వారము తెరువబడినది 1975లో. కావున నేడు మన యింటి కోడలు ఛాతిపై అంకె కట్టుకొని భర్త ప్రక్కన నిలుచుట చిన్న విషయమని తలంపకుడు. ఆమె అవ్వకు ఆ వరుసలో నిలుచు హక్కు లేదు.

ఇక ధర్మమును చూతము. మన వివాహమున మంగళసూత్రధారణ జరిగినను, సప్తపది కానిదే వివాహము సంపూర్ణము కాదని శాస్త్రము. వధూవరులు అగ్నిసాక్షిగ ఏడడుగులు కలసి వేయుదురు. మొదటి అడుగు అన్నముకొఱకు, రెండవది బలముకొఱకు, మూడవది వ్రతముకొఱకు అని అడుగడుగునకు ఒక కోరిక. ఏడవ అడుగు ముగిసిన పిమ్మట వరుడు వధువుతో పలుకు మాటలో ఆమె అతనికి సఖి యగును. గమనించుడు: ఆ క్షణమున ఆమెను దాసి యనలేదు, ఆస్తి యనలేదు; సఖి యనెను. కలసి నడచుటచేతనే స్నేహము సిద్ధించుననుట మన పూర్వుల నిశ్చయము. సావిత్రి యముని వెంట నడచుచు, కలసి ఏడడుగులు వేసినవారు మిత్రులగుదురు గదా అని ఆ స్నేహమును సాక్షిగ పెట్టియే తన మాట ఆరంభించినది. ఏడడుగులకే మృత్యుదేవత మిత్రుడైనచో, 42 కిలోమీటర్లు కలసి సాగిన దంపతుల మాట చెప్పవలయునా?

నేడు పెండ్లికూతురైన సీతమ్మను తలంచుడు. వనవాసమునకు పోవుచు రాముడు నీవిక్కడనే ఉండుమనగా ఆ తల్లి ఏమనెను? నీకంటె ముందుగ నడచి, నీ దారిలోని దర్భలను ముండ్లను నా పాదములతో అణచెదననెను. భర్త వెనుక దాగి నడచెదనని కాదు, ముందు నడచెదననెను. పిదప అడవిదారిలో రాముడు ముందును, లక్ష్మణుడు వెనుకను, సీత నడుమను సాగిరి. దారి యెట్టిదో దానికి తగినట్లు వరుస మారినదేగాని, ఒకరినొకరు విడువలేదు.

మన పూర్వులకు ఇట్టి నడక పురాణకథ మాత్రమే కాదు. 1860లో ట్రూరో ఓడ మదరాసునుండి మొదటివారిని తెచ్చినది మొదలు 1911 వరకు 152,184 మంది ఈ నటాల్ రేవున దిగిరి. వారిలో విశాఖపట్టణము, ఉత్తర ఆర్కాటు మొదలగు సీమల తెలుగువారును ఉండిరి. అయిదేండ్ల ఒప్పందమున పురుషునకు మొదటి సంవత్సరము నెలకు 10 షిల్లింగులు. స్త్రీకి జీతమును సగము, బత్తెమును సగము. వ్రాతమూలకమైన సెలవు చీటి లేనిదే తోట యెల్ల దాటరాదు. దాటినవానికి శిక్ష తప్పదు. ఏ చెఱకుతోటల నడుమ వారి కాళ్ళకు ఎల్లలు గీయబడెనో, ఆ సీమలోనే నేడు వారి మనుమలు, మనుమరాండ్రు ఎవరి సెలవు చీటియు లేక పరుగెత్తుచున్నారు.

అంతకంటె ఘోరమైన మాట వినుడు. 1913 మార్చిలో కేప్ న్యాయస్థానము ఒక తీర్పు చెప్పెను. క్రైస్తవ విధానమున జరిగి, రిజిస్ట్రారు వద్ద నమోదైన వివాహములు తప్ప తక్కినవి ఈ దేశమున చట్టసమ్మతములు కావని దాని ఫలితార్థము. మన తాతల సప్తపది, మన అవ్వల మాంగల్యము ఒక్క కలముపోటుతో చెల్లనివాయెను. దానికితోడు, ఒప్పందము ముగించి ఇక్కడనే స్వతంత్రముగ నిలిచినవారిమీద 1895 చట్టమువలన వచ్చిన 3 పౌన్ల వార్షిక పన్ను ఉండనే యుండెను. భర్తకు వేరు, భార్యకు వేరు, ఎదిగిన పిల్లలకు వేరు.

అప్పుడు మనవారు ఏమి చేసిరి? నడచిరి. న్యూకాసిల్ గనుల కూలీలు పనిమాని, భార్యాబిడ్డలతో చార్లెస్‌టౌన్ వరకు సుమారు 58 కిలోమీటర్లు నడచిరి. 1913 నవంబరు 6వ తేదీన గాంధీగారి వెంట ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటుటకు కదలినవారు 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు. దినమునకు మనిషికి పౌనున్నర రొట్టె, ఔన్సు చక్కెర, అంతియే ఆహారము. చార్లెస్‌టౌన్ దారిలో తల్లుల చంకలలోని పసిబిడ్డలు ఇద్దఱు కన్నుమూసిరి; అయినను ఆ తల్లుల నడక ఆగలేదు. 1914లో వచ్చిన చట్టము ఆ పన్నును తొలగించి, మన వివాహములను గుర్తించినది. అమ్మలారా, అయ్యలారా! మన పెండ్లి పెండ్లియే యని ఈ నేలపై ఒప్పించినది కలసి నడచిన ఆ స్త్రీపురుషుల పాదములే. దంపతులు కలసి సాగు దారి మనకు క్రొత్తది కాదని చెప్పుటకే ఈ చరిత్రనంత విప్పితిని.

అయితే కలసి పరుగెత్తుట అనగా ఏమి? ఇక్కడనే అసలు ధర్మసూక్ష్మమున్నది. ఒకే దినమున, ఒకే దారిలో ఇద్దఱు పరుగెత్తినంతమాత్రమున కలసి పరుగెత్తినట్లు కాదు.

మొదటి మాట: సహధర్మము వీధిలో కాదు, వంటయింట ఆరంభమగును. మొదటి మారథాన్‌కు నాలుగైదు మాసముల సాధన కావలెను. వారమునకు మూడు నాలుగు దినములు పరుగు, ఆదివారము దీర్ఘమైన పరుగు. భర్త ఆదివారము మూడు గంటలు పరుగెత్తివచ్చి కాళ్ళు చాచి కూర్చుండగా, అంతే దూరము పరుగెత్తివచ్చిన భార్య పొయ్యి వెలిగించి, పిల్లలకు పెట్టి, అత్తమామలకు మందులిచ్చి, బట్టలుతుకుచున్నయెడల ఆమె పరుగు అతని పరుగుకంటె ఎంత దీర్ఘమైనది! దానిని ఏ గడియారము లెక్కించును? భార్యకు సాధనకాలమును సంపాదించి యిచ్చుట భర్త మొదటి వ్రతము. కత్తిపీట ముందు కూర్చుండుట మగతనమునకు తక్కువ కాదు. అత్తమామలారా, మీకును ఒక మాట: ఆ ఉదయమున మనుమలను మీరు చూచుకొన్నచో మీరును ఆ పరుగులో సగము పరుగెత్తినవారే.

రెండవ మాట: వేగముగలవాడు వేగమును అణచవలెను. సాధారణముగ పురుషులు మొదట ఉబలాటముచే దుముకుదురు, చివర తూలుదురు. స్త్రీలు సగటున మారథాన్ పొడవునను సమగతిని నిలుపుకొందురని పరుగుల కాలములను పరిశీలించినవారు తేల్చియున్నారు. దేహమున నిలువయుండు పిండిపదార్థపు శక్తి 30 కిలోమీటర్ల ప్రాంతమున తరిగిపోవచ్చును. అప్పుడు కాళ్ళు సీసమువలె బరువెక్కును, మనసు కోపించును. మొదటి గంటలో చేసిన దుబారాకు చెల్లింపు అక్కడ జరుగును. కావున ఇల్లాలి గతిని గురువుగ స్వీకరించినవాడు తనను తాను కాపాడుకొన్నవాడగును. కామ్రేడ్స్‌లో "బస్సు" అని పిలువబడు గుంపులను మీరు చూచియుందురు. నాయకుడు ఒక్కడు కాలమును లెక్కించుచు, ఎక్కడ నడువవలెనో ఎక్కడ పరుగెత్తవలెనో చెప్పుచుండ, పదులకొలది జనులు అతని వెంట సాగుదురు. మన రామభజనలో ముందు పాడువాడు వెనుకటివారు అందుకొనునట్లు పాడును గదా! తానొక్కడే పాడుకొని ముందుకు పోయినచో అది భజన కాదు.

మూడవ మాట: ఒప్పందము ముందే కావలెను. 32వ కిలోమీటరు వద్ద ఒకరు కుంటువడినచో రెండవవారు నిలువవలెనా, పోవలెనా? ఆ క్షణమున అలసిన మనసుతో నిర్ణయింపరాదు. మహాప్రస్థానమున ద్రౌపది పడిపోగా ధర్మరాజు వెనుదిరిగి చూడక సాగిపోయెను గదా అని కొందఱనవచ్చును. నాయనా, అది సర్వమును విడుచువారి దారి. గృహస్థుని దారి అది కాదు. ఆ ధర్మరాజే తుదకు వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రాననెను; తనవారున్న చోటు నరకమైనను అక్కడనే నిలిచెదననెను. వ్యాసుని కథ ముగింపు అదియే గాని, నడుమ కనబడిన ఆ వీపు కాదు. ఇద్దఱును ముందే మాటాడుకొని, "ఎవరి గతిని వారు పోదము, గమ్యమున కలిసికొందము" అని నిశ్చయించుకొన్నచో అందు దోషము లేదు. "కడదాక కలసియే" అని మాట యిచ్చినచో మాత్రము అరగంట ఆలస్యమైనను, గడువు దాటినను ఆ మాటను నిలుపుకొనవలెను. పతకము పోయిన మరుసటి యేడు వచ్చును. మాట పోయిన తిరిగిరాదు.

దేహధర్మమును మఱువరాదు. మన భారత సంతతివారిలో మధుమేహము మిక్కిలిగ వ్యాపించియున్నది. నలుబది దాటినవారు, మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడుగక సాధనకు దిగరాదు. దూరమును వారమునకు కొంచెము కొంచెముగ పెంచవలెను. పరుగుకు ముందటి రెండు మూడు వారములు తగ్గించి దేహమునకు విశ్రాంతి నీయవలెను. దారిలో నీళ్ళ సాచెట్లు చేతికందును గదా యని దాహమునకు మించి త్రాగుటయు ప్రమాదమే. రక్తములోని లవణము పలుచనై ప్రాణముమీదికి రావచ్చును. ఛాతిలో నొప్పియో, మైకమో కలిగినచో నిలిచిపోవుట పరాజయము కాదు. నేను బాగుగనున్నానని భర్తకొఱకు భార్యయు, భార్యకొఱకు భర్తయు అబద్ధమాడుట ప్రేమ కాదు. అది సఖ్యమునకు ద్రోహము.

ఒంటరివారు, వితంతువులు, రోగులు, వృద్ధులు ఈ సభలో ఉన్నారు. ఈ ఉపదేశము తమకు కాదని తలంపవలదు. తోడు వచ్చువారి శక్తిని ఎఱిగి తన అడుగు కురచ చేసికొనుట ఎల్లరకును ధర్మమే. తెలుగు అక్షరములు నేర్చుచున్న మనుమనితో పెద్దలు వేయవలసిన అడుగు అదియే. కళ్ళు మసకబారిన తండ్రిని గుడి మెట్లెక్కించు కుమారుడు వేయవలసిన అడుగు అదియే. దారి ప్రక్కన నిలిచి, పేరు తెలియని అలసిన పరుగరికి ఒక అరటిపండు అందించు చేతికి కూడ ఆ పరుగు పుణ్యములో పాలున్నది.

కామ్రేడ్స్‌లో పండ్రెండు గంటలు నిండగనే తుపాకి మ్రోగును. దానిని పేల్చువాడు వచ్చువారికి వీపు త్రిప్పి నిలుచును. ముఖము చూచినచో చేయి ఆడదు గదా! కాలపురుషుడును అట్లే మనకు వీపు త్రిప్పి నిలిచియున్నాడు. అతడు మన ముఖము చూడడు. కావున దారి పొడవునను ఒకరి ముఖమొకరము చూచుకొనవలసినది మనమే.

ఈ యేడు మొదటి మారథాన్‌కు సిద్ధమగుచున్న దంపతులారా! పూజామందిరమున దీపము వెలిగించి, తల్లిదండ్రులకు నమస్కరించి బయలుదేరుడు. సీతమ్మ ధైర్యము, సావిత్రి పట్టుదల, సరిహద్దు దాటిన మన అవ్వల పాదబలము మీకు తోడగుగాక. మీ యిద్దఱి అడుగులు ఒక్క సవ్వడిగ వినవచ్చుగాక. శ్రీ సీతారామచంద్రుల అనుగ్రహము మన సమాజమునందెల్లరకు కలుగుగాక.

స్వస్తి.