నడక మొక్కు ఎవరిది?

నడిచి వస్తానని మొక్కుకొని, సగం దారిలో ఆటో ఎక్కినవాడి మొక్కు చెల్లినట్టా, చెల్లనట్టా? వినడానికి చిన్న ప్రశ్న. కాని ఫిబ్రవరి దగ్గరపడే కొద్దీ గోదావరిఖని, రామగుండం కతోలిక ఇండ్లలో ఇది కొందరికి నిద్ర పట్టనివ్వదు. గుణదల మాత ఉత్సవాలు ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగుతాయి. మనవాళ్ళు సాధారణంగా రైలులోనే పోతారు. ఇంకా ఒక పగటి దూరం ఉందనగా దిగి, అక్కడినుండి కాలినడకన పోతామని మొక్కుకున్నవారూ ఉంటారు.

పగటి దూరమంటే ఇరవై, ఇరవై రెండు కిలోమీటర్లు. తెల్లవారుజామున జపమాల చెప్పుకుంటూ బయలుదేరితే మొదటి రెండు గంటలు కాళ్ళు ఉన్నట్టే తెలియదు. ఎండ ముదిరేసరికి చెప్పు కరిచినచోట బొబ్బ లేస్తుంది. పడుచువాళ్ళు ముందుకు సాగిపోతారు, పాటలు కూడా వాళ్ళతోనే పోతాయి. వెనక మిగిలినవారికి లారీల మోత, తమ ఆయాసం తప్ప మరేమీ వినిపించదు. ఆటోవాడు ఆగి "ఎక్కుండ్రి" అనేది సరిగ్గా అప్పుడే.

ఇటువంటి సందేహం మన ఒక్కరిదే కాదు. స్పెయిన్ దేశంలోని సంతియాగో నగరంలో అపోస్తలుడైన పునీత యాకోబు సమాధి ఉందని విశ్వసించి వెయ్యేళ్ళకు పైగా జనం అక్కడికి నడుస్తున్నారు. ఫ్రాన్సు సరిహద్దు నుండి అయితే దాదాపు 800 కిలోమీటర్లు, నెలకు పైగా నడక. చివరి 100 కిలోమీటర్లయినా నడిచినవారికి అక్కడ ధ్రువపత్రం ఇస్తారు. 2024లో దాదాపు 5 లక్షల మంది అందుకున్నారు. చాలామంది సార్రియా అనే ఊరినుండి మొదలుపెడతారు. మొదటి రోజు పోర్తోమారిన్ దాకా 22 కిలోమీటర్లు. దారిలో గుడిలోనో సత్రంలోనో తమ పుస్తకంలో ముద్ర వేయించుకుంటూ పోవాలి. అక్కడి తగాదా ఆటో గురించి కాదు, సంచి గురించి. వీపున మోయకుండా సంచిని ముందుగా వ్యానులో పంపేవారు అసలు యాత్రికులేనా అని మోసేవారి ప్రశ్న. దేవుని దగ్గరకు పోయే దారిలో కూడా పక్కవాడి భారాన్ని తూచే బుద్ధి మనిషిని వదలదు గదా!

మరి శ్రీసభ ఏమంటుంది? 1983 నాటి కానన్ చట్టంలో మొక్కుబడుల గురించి 1191 నుండి 1198 వరకు ఎనిమిది నియమాలున్నాయి. మొక్కు అంటే ఆలోచించి, స్వేచ్ఛతో, సాధ్యమయ్యే మంచి పనిని గురించి దేవునికి ఇచ్చిన మాట. 'సాధ్యమయ్యే' అన్న మాటను గమనించండి. సొంతంగా చేసుకున్న మొక్కును దానికి సమానమైన, లేక అంతకంటే మంచి పనిగా ఎవరికి వారే మార్చుకోవచ్చు. తక్కువ పనిగా మార్చాలన్నా, పూర్తిగా విడుదల పొందాలన్నా, న్యాయమైన కారణం చెప్పి విచారణ గురువులను అడగవచ్చు. కాబట్టి మోకాలు మొరాయించి ఆటో ఎక్కినవారు భయపడనక్కరలేదు. బద్ధకించి ఎక్కినవాడి సంగతి వాడికే తెలుసు.

కాని మన ప్రాంతానికి అన్నిటికంటే అవసరమైనది 1193వ నియమం. మొక్కు దాని స్వభావరీత్యా మొక్కినవారిని మాత్రమే కట్టిపడేస్తుంది, మరెవ్వరినీ కాదు.

బొగ్గుగనుల ఇండ్లలో మొక్కులు ఎక్కువగా తల్లులవి, భార్యలవి. భర్త నైట్ షిఫ్టుకు పోయిన రాత్రి, గనిలో పైకప్పు కూలిందన్న మాట కాలనీలో పాకిన రోజున, తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయి కొడుకు ఉద్యోగం కాగితాలు కదలనప్పుడు, ఆమె చేతిలో ఉన్నది అదొక్కటే. తరువాత ఇంట్లో మాటలు ఇలా నడుస్తాయి. "బిడ్డా, నీ నౌకరి కోసం మొక్కిన. నువ్వే నడువాలె." "మొక్కింది నువ్వు గదమ్మా?" కొడుకు నడవడు. రెండేళ్ళకు అతనికి జ్వరమో ప్రమాదమో వస్తుంది. అప్పుడు ఆ ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు, "నువ్వు నడువకనే ఇట్లయింది" అని. నా దృష్టిలో నడవకపోవడం కంటే ఈ మాట పెద్ద తప్పు. మరియమాతను మనం వడ్డీకి ఇచ్చి వసూలుకు తిరిగే మనిషిగా చేసేస్తున్నాం.

అయితే అన్నా కొడుకును గూర్చి మొక్కుకోలేదా అని బైబులు తెలిసినవారు అడుగుతారు. మొక్కుకున్నది. బాలుణ్ణి దేవాలయంలో అప్పగించింది కూడా. కాని ఒక రాత్రి దేవుడు సమూవేలునే పేరుపెట్టి పిలిచాడు, ఆ పిల్లవాడే స్వయంగా బదులు పలికాడు. తల్లి మొక్కు అతణ్ణి గుడి దాకా తీసుకువెళ్ళింది. బదులు మాత్రం అతనిదే. మరోవైపు యెఫ్తా ఉన్నాడు. తన నోటి మాటకు కూతురు బలి అయిపోయింది. ఇంటిలోని మరొకరి కాళ్ళమీద మొక్కుకునే ముందు న్యాయాధిపతుల గ్రంథం 11వ అధ్యాయం ఒకసారి చదవడం మంచిది. కొడుకు కోసం తల్లి తానే నడిస్తే అది వేరు. సంతియాగోలో కూడా రోగి తరఫున, చనిపోయినవారి తరఫున నడిచినవారికి ఆ పేరు చేర్చి ధ్రువపత్రం ఇస్తారు. తన కాళ్ళను మరొకరి కోసం ఇవ్వవచ్చు, మరొకరి కాళ్ళను ఇవ్వలేము.

ఇక మిగిలింది గనిలో రిటైరైన పెద్దమనిషి. మొక్కు ఆయనదే, మనసూ ఉంది, మోకాళ్ళే లేవు. మనుషులను దించే యంత్రాలు లేని రోజులలో ఇంక్లైన్ వాలులో పనిచోటు దాకా నడిచి దిగి, టబ్బులు నింపి, షిఫ్టు అయ్యాక ఆ వాలునే ఎక్కివచ్చిన కాళ్ళు అవి. ముప్ఫై ఏండ్ల ఆ నడకకు ముద్రలు వేసిన పుస్తకమేదీ లేదు. ఆయన ఏమి చేయాలి?

హనుమజ్జయంతికి మాల వేసుకున్నవారు కొండగట్టుకు కాలినడకన పోతుంటే, దారి పక్కన టెంటు వేసి మజ్జిగ, మంచినీళ్ళు పోసేవారిని మనం చూస్తూనే ఉన్నాం. ఈ విషయంలో మన పొరుగువారి దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. మన యాత్రికులు వచ్చే దారిలో ఆ పెద్దమనిషి ఒక కుండ పెట్టుకొని కూర్చుంటే, అది నడకకు సమానమైన పనా, అంతకంటే మంచి పనా అని నన్నడిగితే, మంచి పనే అంటాను. పడుచువాళ్ళు ముందుగా వచ్చి కుండ ఖాళీ చేసి పోతారు. వెనకబడినవారు వచ్చేసరికి దానిలో నీళ్ళు ఉండేలా ఆయన చూసుకోవాలి.