ఆర్తునకు ధ్యానభిక్ష

అమెరికాలో నివసించు నా పూర్వశిష్యుడొకడు ఇటీవల నాకొక ఉత్తరము వ్రాసెను. అతని పొరుగున, యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికుడొకడు కలడు. ఆయనకు రాత్రులు నిద్ర లేదు. తలుపు చప్పుడైనను ఉలికిపడును. భార్యాబిడ్డలతో మాటలాడుట కూడ తగ్గించివైచెను. అట్టివానికి ఒక ధర్మసంస్థవారు రుసుము గైకొనక మంత్రధ్యానము నేర్పిరి. కొన్ని మాసములకు నిద్ర పట్టసాగినది. ఆయన నా శిష్యునితో, “ఈ మంత్రము మీ దేశమునుండి వచ్చినదే గదా! మంత్రమనగా నేమి?” అనెనట. శిష్యునకు ఏమి చెప్పవలెనో తోచలేదు. “గురువుగారూ, అసలు ఇట్లు నేర్పుట ధర్మమేనా?” అని నన్నడిగెను.

నేను తొందరపడి బదులు వ్రాసితిని. అధికారనిర్ణయము లేక, దేవతాజ్ఞానము లేక, నియమము లేక చేయు జపము విత్తనము లేని సేద్యమువంటిదని పాఠశాలలో నేర్చిన మాటలన్నియు అప్పగించితిని. మరునాడు ప్రాతఃకాలమున గీతాపారాయణకు కూర్చుండి ప్రథమాధ్యాయము చదువుచుండగా నా ఉత్తరమే నాకు ముల్లువలె తగిలినది. ఆ తగిలినదేమో పాఠకమహాశయులకు విన్నవించుకొనుచున్నాను.

ముందుగా ఆ సంస్థ మాట. దాని పేరు డేవిడ్ లించ్ ఫౌండేషన్. చలనచిత్ర దర్శకుడైన డేవిడ్ లించ్ 1973లో ధ్యానాభ్యాసము ప్రారంభించి, 2005లో ఈ సంస్థను స్థాపించెను. ఆయన 2025 జనవరిలో కాలధర్మము నొందెను. వారు నేర్పునది భావాతీత ధ్యానము. జ్యోతిర్మఠాధిపతులు శ్రీ బ్రహ్మానంద సరస్వతీస్వామివారి శిష్యుడైన మహర్షి మహేశ్ యోగి దీనిని లోకమున ప్రచారము చేసెను. గురువు ఒక్కొక్కరికి విడిగా మంత్రము చెప్పును. దినమునకు రెండుమారులు, మారునకు ఇరువది నిమిషములు, కన్నులు మూసికొని కూర్చుండవలెను. సామాన్యముగా దీనికి రుసుము కలదు. దుఃఖితులకు ఆ భారము లేకుండ చేయుటయే ఈ సంస్థ పని. సైనికులు, బీదపేటల పాఠశాలల బాలురు, గృహహింసకు లోనైన స్త్రీలు, ఖైదీలు, ఇల్లు లేనివారు – ఇట్టివారిని వెదకికొని పోయి నేర్పుచున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున, తుపాకుల మ్రోత అలవాటైన పేటలోని ఒక పాఠశాలలో 2007 నుండి బాలురు చదువునకు ముందును, ఇండ్లకు పోవుటకు ముందును మౌనముగా కూర్చుండు ఏర్పాటు జరిగినది.

ఫలమేమని అడుగువారు ఉందురు. 2018లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రిక 203 మంది మాజీసైనికులపై జరిగిన పరిశీలనను ప్రకటించినది. వారిని మూడు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు ఈ ధ్యానమును, ఒక వర్గమునకు యుద్ధస్మృతులను వైద్యుని సమక్షమున మరల మరల తలపోయించు చికిత్సను, మూడవవర్గమునకు ఆరోగ్యవిషయక బోధను ఇచ్చిరి. ధ్యానము ఆ చికిత్సకు తీసిపోలేదు. కేవల బోధ కంటె మేలైనది. ఒక్క పరిశీలనతో సర్వము తేలదు. కాని ఉపశమనము కలిగిన మాటను త్రోసివేయుటకు వీలులేదు.

ఇక గీత. ప్రథమాధ్యాయమున అర్జునుని స్థితి యెట్టిది? అవయవములు సడలుచున్నవి, నోరెండుచున్నది, ఒడలు వణకుచున్నది, గాండీవము జారుచున్నది. ఆ సైనికుని లక్షణములు ఇవియే గదా! అట్టివానిని చూచి భగవానుడు “నీకు అధికారము కలదా?” అని అడుగలేదు. పార్థుని విషాదమే యోగమునకు ద్వారమైనది. అందుచేతనే ఆ అధ్యాయమునకు విషాదయోగమని పేరు. గజేంద్రుడు ఏ పాఠశాలలో జపవిధి నేర్చెను? మొసలి పట్టిన కాలే అతనికి దీక్ష. ఆర్తుని కూడ తన భక్తులలో ఒకనిగా లెక్కించిన స్వామియెదుట నా అధికారప్రసంగము ఏపాటిది?

మన సంప్రదాయమున ఇంతకంటె పెద్ద సాక్ష్యము కలదు. 1017లో అవతరించిన శ్రీమద్రామానుజాచార్యులవారు తిరుమంత్రార్థము కొరకు గోష్ఠీపూర్ణులవద్దకు పదునెనిమిది మారులు నడచిరి. రహస్యముగా ఉంచుమన్న ఆజ్ఞతో లభించిన ఆ అర్థమును గోపురమెక్కి, కోరిక గలవారందరును వినుడని చాటిరి. ఆజ్ఞ మీరినవానికి నరకమేగదా యని గురువు కోపింపగా, “నేనొక్కడను పోయి ఇందరు తరింతురేని అదియే నాకు లాభము” అనిరి. ఆ దయకు గురువే చలించి ఆయనను కౌగిలించుకొనెను. ఈ కథను ప్రతి తిరునక్షత్రమునకు చెప్పుకొను నేను, దూరదేశమున ఒకరు దుఃఖితులకు ధ్యానము పంచినంతనే ముఖము చిట్లించుకొంటిని!

అయితే ఆ కథలోనే మరి రెండు విషయములు కలవు. ఆచార్యులు పిలిచినది కోరిక గలవారిని, బలవంతము లేదు. ఆచార్యులు చాటినది అర్థముతో కూడిన మంత్రమును, దాచినదేమియు లేదు. ఈ ఫౌండేషను పుట్టుటకు పూర్వమే, న్యూజెర్సీ రాష్ట్రమున ప్రభుత్వపాఠశాలలలో ఈ ధ్యానమును బోధించుటపై వ్యాజ్యము నడచినది. మంత్రము ఇచ్చునపుడు సంస్కృతమున జరుపు గురుపూజ కూడ చర్చకు వచ్చినది. ఆ బోధ మతసంబంధమైనదనియు, ప్రభుత్వపాఠశాలలలో కూడదనియు 1977లో తీర్పు వెలువడగా, 1979లో పైన్యాయస్థానము దానిని స్థిరపరచినది. ఇది మతము కాదని నేర్పువారందురు. నాకు తోచినది ఇది: ఏటినీరు దప్పికగొన్నవానికి ఇచ్చుట పుణ్యమే, ఏరు ఎక్కడిదని అతడు అడిగినప్పుడు చెప్పకుండుట మాత్రము తగదు. పసివారి విషయమున తల్లిదండ్రుల సమ్మతియు అవసరమే.

ఇంకొక మాట. ధ్యానము అన్నమునకు బదులు కాదు. ఇల్లు లేనివానికి కన్నులు మూసికొనుట నేర్పి, అతడు కన్నులు తెరచినప్పుడు తల దాచుకొను చోటు చూపనిచో ఆ దయ సగమే. అర్జునుని వణకు తీరుటతో గీత ముగియలేదు. స్వస్థచిత్తుడై తన కర్తవ్యమునకు లేచుటయే దాని ఫలము.

మన సంగతి యేమి? మనకు నామము రుసుము లేకయే లభించినది. అయినను దినమునకు ఇరువది నిమిషములు కూర్చుండువారు మనలో ఎందరు? కొండకు పోయి గంటలకొలది వరుసలో నిలుచుండువారము, ఇంట నిద్రపట్టని కోడలిని, పరీక్షాభయముతో కుములు మనుమని పిలిచి, “రా నాయనా, నా ప్రక్కన కూర్చుండుము, ఇద్దరము కలిసి స్వామిని తలచుకొందము” అనుచున్నామా? సముద్రముల కావలివారు జైళ్లకు, వీధులకు పోవుచుండగా, మన ఇంటి నడవ మనకు దూరమైనది.

నా శిష్యునకు రెండవ ఉత్తరము వ్రాసితిని. “నాయనా, మొదటి ఉత్తరము చింపివేయుము. మననము చేయువానిని రక్షించునది మంత్రమని నీ పొరుగువానికి చెప్పుము. రక్షించువాడెవ్వడని ఆయన అడిగినచో సంకోచింపక స్వామి పేరు చెప్పుము. అడుగనిచో బలవంతము చేయవలదు. ఆయనకు నిద్ర పట్టినందులకు నేను సంతోషించితినని మాత్రము తప్పక చెప్పుము.”

ఆర్తులయెడ అట్టి దయను, స్వగృహమున అట్టి శ్రద్ధను శ్రీనివాసుడు మనకందరకును ప్రసాదించుగాక.